లేని మనిషి లాగిన్

అది కరోనా తగ్గిన మరుసటి ఏడాది. ప్రొద్దుటూరులో ఉంటూ చుట్టుపక్కల ఆసుపత్రుల లినక్స్ సర్వర్లు చూసుకునేవాణ్ణి. సర్వర్ అంటే అందరి సమాచారం దాచిపెట్టే పెద్ద కంప్యూటర్, దాన్ని నడిపించేది లినక్స్. ఒక పొద్దున ఊళ్లోనే ఒక ప్రైవేటు బ్లడ్ బ్యాంకు నుంచి ల్యాబ్ టెక్నీషియన్ రెడ్డెమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడతాండా. లోపలికి రానియ్యడంల్యా. ఈడ రక్తం ఎక్కియ్యాల్సిన పాప ఉండాది, బిన్నా రా అన్నా."

పోయి చూస్తే బెంచీ మీద ఏడెనిమిదేళ్ల చందన వాళ్ల నాన్న ఒళ్లో వాలిపోయి ఉంది. తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించకపోతే బతకని జబ్బు. పులివెందులలో సరిపడే రక్తం దొరక్క తొండూరు నుంచి ఇంత దూరం తెస్తాడు ఆ రైతు. ఒకసారి గ్రూపు కలిసినా రక్తం పడక పాప ప్రాణం మీదికి వచ్చిందట. అప్పటి నుంచి ఆమెకు ఏది పడుతుందో ఏది పడదో కంప్యూటర్‌లో పెట్టారు. అది చూడకుండా బ్యాగు ఇచ్చేది లేదని బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ తెగేసి చెప్పింది. పాప పెదాలు తెల్లగా పాలిపోయాయి.

లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు లోపలికి రాబోయారో, ఎందుకు రాలేకపోయారో సర్వర్ రాసిపెట్టేది అందులోనే. పాస్‌వర్డ్ సరైనదే, ఖాతాకే గడువు తీరిపోయింది. ఉద్యోగుల్లో లేనివాళ్ల ఖాతాలు మూసేయాలని హెడ్డాఫీసు కొత్త సెక్యూరిటీ పాలసీ పెట్టింది. ఖాతా ఎవరిదా అని చూస్తే ఓబులేసుది! జమ్మలమడుగు మనిషి, రెడ్డెమ్మకు పని నేర్పిన సీనియర్. కరోనాలో పోయాడు.

"ఏంది రెడ్డెమ్మా ఇది? ఇన్నాళ్లూ ఓబులేసన్న పేరుతోనా పని చేస్తాండేది?"

"అవునన్నా. ఆయప్ప పేరు ఉంటే నాకు ధైర్యం. నా పేరు పెట్టుకుని, ఏమన్నా అయితే నేను యాడికి పోవల్ల? ఈ ఒక్క పూటకు తెరిచియ్యి, నీ కాళ్లు పట్టుకుంటా."

తెరవడం ఒక్క కమాండ్ పని. గడువు తేదీ ముందుకు జరిపితే చాలు. పాపను చూస్తే నా చెయ్యి కీబోర్డు మీదికి పోయింది కూడా. కానీ ఆమె అన్న మాటకు ఒళ్లు మండింది.

"పాపకు ఏమన్నా అయితే ఎవర్ని అడగల్లమ్మా? జమ్మలమడుగు శ్మశానానికి పోయి అడగల్లా?" అనేశాను. మాట పెద్దదే. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా నేను వెనక్కి తీసుకోలేదు.

ఆమెకంటూ ఖాతా ఉందేమో వెతికాను. ఉంది. చేరిన రోజే ఇచ్చారు, ఈమె ఒక్కసారీ వాడలేదు. వాడకుండా వదిలేసిన ఖాతాలనూ ఆ పాలసీయే మూసేసింది. పోయిన ఓబులేసు, బతికున్న రెడ్డెమ్మ, ఇద్దరూ సర్వర్ లెక్కలో లేనివాళ్లే.

హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, అనుమతి తీసుకుని ఆమె ఖాతా తెరిచాను. "నీ పేరు నువ్వే కొట్టుకోమ్మా" అన్నాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. తెరుచుకుంది. పాప వివరాలు చూసుకుని, సరిపడే బ్యాగు ఎంచి, అందులోని రక్తాన్ని పాప రక్తంతో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష చేసింది. పని మొదలయ్యాక మాత్రం ఎక్కడా తడుముకోలేదు.

బ్యాగు అందుకున్న తండ్రి, దానిమీద కంప్యూటర్ అచ్చేసిన చీటీలో పరీక్ష చేసినవాళ్ల పేరు కూడబలుక్కుని చదివాడు.

"పేరు మారిండాదే! ఓబులేసు సార్ యాడికి పోయినాడప్పా? నెలనెలా ఆ సారుకు మనసులో దండం పెట్టుకుంటాండా. మా పాపను బతికిస్తాండేది ఆయప్పే గదా."

నేనే చెప్పాను. "ఆయప్ప కరోనాలోనే పోయినాడప్పా. అప్పట్నుంచీ మీ పాపకు రక్తం చూసి ఇస్తాండేది ఈమే."

ఆయన బ్యాగును రక్తం ఎక్కించే నర్సు చేతికిచ్చి రెడ్డెమ్మ వైపు తిరిగాడు. "నువ్వామ్మా!" అని రెండు చేతులూ జోడించాడు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు లాగిన్ కావడం లేదని ఎవరు ఫోన్ చేసినా, ఆ కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషెవరని ముందు అడుగుతాను. పని మీద పేరు ఉండాలనేది, తప్పు జరిగితే పట్టుకోవడానికే అనుకునేవాణ్ణి. దండం పెట్టుకునేవాళ్లకు కూడా ఆ పేరు కావాలని ఆ తొండూరు రైతు చెబితే గానీ నాకు తెలియలేదు.