మైనం కట్టిన పైపు

"పెట్రోలు తీయమంటే కొవ్వొత్తులు పోశావేంటమ్మా?" అని మేనేజరు గుళికలక్కని అడిగాడు. ఇరవై రెండేళ్లుగా ఆ ప్రయోగశాలలో ఇనుప గుళికలు తయారుచేసి రియాక్టరులో నింపేది ఆమే. అసలు పేరుతో జీతాల జాబితాకు తప్ప ఎవరికీ పనిపడలేదు.

పైనుంచి బొగ్గుతో చేసిన గ్యాసు పంపితే గుళికల మీదుగా దిగి కిందికి పెట్రోలు చుక్కలై రావాలి. ఆ వారం తెల్లటి మైనం దిగి కింది పైపు బిగుసుకుపోయింది. పైపును వెచ్చగా ఉంచడం గుళికలక్క పని. ఇంకేం, మేనేజరు విచారణ రెండు నిమిషాల్లో ముగించాడు. పైపు శుభ్రం చేయించడానికైన పదకొండు వేలూ ఆమె జీతంలో కోసి, 'అజాగ్రత్త' అని మెమో చేతిలో పెట్టాడు. అది ఫైల్లో చేరితే వచ్చే నెల రావాల్సిన సూపర్‌వైజరు పోస్టు గోవిందా.

"తలొంచుకుని సంతకం పెట్టెయ్, గొడవ వదులుతుంది" అన్నాడు మొగుడు, కుట్టుమిషను ఆపకుండా.

"ఎటు కావాలంటే అటు వంచడానికి నా మెడేమన్నా నువ్వు కుట్టే కాలరా?"

మర్నాడు ఆమె పొటాష్ సీసా తీసి చూసింది. గుళికల్లో కలపాల్సింది పావు సీసా. సగం ఖాళీ అయింది. అప్పుడప్పుడు తనే పొటాష్ కలిపే సైంటిస్టు దగ్గరికి నేరుగా వెళ్లింది.

"సోమవారం పొటాష్ మీరు కలిపారా సార్?"

"పొద్దున్నే కలిపానక్కా."

"మధ్యాహ్నం నేనూ కలిపాను."

రిజిస్టరులో ఆ వారం పేజీ ఖాళీగా ఉంది. అక్కడ ఏ రోజు పని ఆ రోజు రాసే అలవాటు ఎవరికీ లేదు. శనివారం టీ తాగుతూ వారమంతా ఒక్కసారే రాసేస్తారు. గోడ మీద మాత్రం 'ఖచ్చితత్వమే మా ఊపిరి' అని బోర్డు.

ఇద్దరూ కలిసి మేనేజరు ముందుకెళ్లారు.

"గుళిక మీద ఒక కార్బన్ వచ్చి కూర్చుంటుంది సార్. దాని పక్కన ఇంకోటి చేరుతుంది. గుళిక త్వరగా లేపి పంపేస్తే పొట్టి గొలుసు, అది పెట్రోలు. ఉండండుండండి అంటూ కూర్చోబెడితే గొలుసు సాగుతూ పోతుంది, అది మైనం. పొటాష్ ఎక్కువైతే గుళికకు మొహమాటం ఎక్కువవుతుంది. నేను పైపును పెట్రోలుకు సరిపడా వెచ్చగానే ఉంచాను. మైనానికి ఆ వేడి చాలదు."

"అంటే తప్పు నీదేగా?"

"సగం. మిగతా సగం ఈ సార్‌ది."

సైంటిస్టు దగ్గి, తలూపాడు. మేనేజరు మెమో చింపాడు. నెల తిరక్కుండా పైవాళ్లకు ఉత్తరం రాశాడు: పొడవాటి గొలుసులు పెంచడంలో తమ ప్రయోగశాల కొత్త మెట్టు ఎక్కిందని.

గుళికలక్క సూపర్‌వైజరు అయింది. కోసిన పదకొండు వేలు ఇంకా ఇవ్వలేదు.