ఎర్ర గుర్తులు పోయిన రోజు

ఆస్పత్రి నేలమాళిగలో కంప్యూటర్లు చూసుకునే మా బాబాయిని నర్సులు అనుమానం సారు అనేవారు. ఇంట్లో కూడా అంతే. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూడందే గుమ్మం దిగడు. "ఆ తాళానికే మీమీద విసుగొచ్చేస్తుంది," అనేది పిన్ని.

దాచిన ప్రతి స్కానుకూ కంప్యూటరు ఒక సంఖ్య కట్టి పక్కన రాసుకుంటుంది. దాన్ని చెక్‌సమ్ అంటారు. స్కానులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. బాబాయి ప్రతి ఆదివారం ఆ సంఖ్యలన్నీ మళ్ళీ కట్టించి పాతవాటితో పోల్చేవాడు. కలవని ఫైలుకు ఎర్ర గుర్తు పడుతుంది. రోజూ సాయంత్రం అన్నిటికీ ఇంకో ప్రతి దాచే నకళ్ళ డిస్కులోకి ఎర్ర గుర్తున్న ఫైలు పోకుండా ఏర్పాటు చేసింది ఆయనే. రోగుల స్కాన్లు ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళకూడదన్న రూలు రాసిందీ ఆయనే.

పాత స్కాన్లను కొత్త డిస్కుల్లోకి మార్చిన నెలలో తొమ్మిది ఎర్ర గుర్తులు కనిపించాయి. మరుసటి వారం నలభై. వాటిలో పిన్నిది కూడా ఉంది. ఆమె ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఉందని నిరుడు తేలింది. ఏడాది తర్వాత మళ్ళీ తీసి పాతదానితో పోల్చాలి. పెరిగితే ఆపరేషను, పెరగకపోతే ఏమీ అక్కర్లేదు. ఆ గడువు ఇంకో మూడు వారాల్లో ఉంది.

బాబాయి కంగారు పడలేదు. డిస్కు చెడితే తప్పులు ఆ ఒక్కదాంట్లోనే ఉండాలి, ఇవి అన్ని డిస్కుల్లోనూ ఉన్నాయి. కేబుళ్ళు మార్చాడు, తగ్గలేదు. చివరికి కంప్యూటరు మెమరీకి పరీక్ష పెడితే లోపం అక్కడ దొరికింది. డిస్కుకు చేరే ప్రతి ఫైలూ దాని గుండానే వెళ్తుంది మరి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ మా బాబాయి పట్టాడు. మంచి ప్రతులు నకళ్ళ డిస్కులో భద్రంగానే ఉన్నాయి. అయితే వాటిని వెనక్కి తెచ్చినా ఆ మెమరీ మీదుగానే రావాలి కాబట్టి ముందు దాన్ని మార్చమని సూపరింటెండెంటును అడిగాడు.

"ఫొటోలు తెరుచుకుంటున్నాయా?"

"తెరుచుకుంటున్నాయి సార్, కానీ లోపల..."

"మరింకేంటయ్యా నీ గోల? గురువారం తనిఖీకి వస్తున్నారు. ఆ ఎరుపు కనపడకూడదు."

బుధవారం పిన్నికి రక్తపరీక్షలుంటే బాబాయి సెలవు పెట్టాడు. ఆయన లేని సమయం చూసి సూపరింటెండెంటు బయటి నుంచి ఒక మెకానిక్కును పిలిపించాడు. ఆ మహానుభావుడు ఫైళ్ళు బాగుచేయలేదు. ఉన్నవి ఉన్నట్టే సరైనవని ఒప్పుకుని, వాటికి కొత్త సంఖ్యలు కట్టమని కంప్యూటరుకు చెప్పాడు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే. క్షణాల్లో అన్నీ పచ్చబడ్డాయి. సాయంత్రం ఐదింటికి, రోజూలాగే, పచ్చగా ఉన్నవన్నీ నకళ్ళ డిస్కులోకి వెళ్ళి మంచి ప్రతుల మీద కూర్చున్నాయి. బాబాయి ఏర్పాటు తన పని తాను చేసింది.

తనిఖీవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు. జరిగింది రాసి పైకి పంపినందుకు బాబాయిని టోకెన్లిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. లేనిపోని భయాలు పుట్టిస్తున్నాడట. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు.

పిన్ని కొత్త స్కానుతో మేము ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన పాతది తెరిచాడు. భుజాల కింద అంతా బూడిదరంగు పట్టీ.

"ఫైలు సరిగ్గానే ఉందని చూపిస్తోందే," అన్నాడు డాక్టరు. "పోల్చడానికి ఏం లేదమ్మా. ఇవాళ్టిదే మొదటిది అనుకుందాం. ఆరు నెలలు ఆగి రండి."

బస్సులో వాళ్ళ వెనక సీట్లో కూర్చున్నాను. పిన్ని బాబాయి వైపు తిరిగి అడిగింది.

"నా పాత స్కాను ఒక్కటి ఇంటికి తెచ్చి పెట్టాల్సింది కదండీ."

"తేకూడదు. రూలుంది."

"ఎవరు పెట్టారా రూలు?"

బాబాయి చేతిలోని టికెట్టును మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నేనే," అన్నాడు.