పాత కారుకు కొత్త తాళంచెవి

మేడమెట్ల కింద, నిలబడితే తల తగిలేంత చోటులో ముప్పై ఏళ్ళుగా తాళంచెవులు చేసే మనిషిని అందరూ ఆకురాయి అనే పిలుస్తారు. చేతిలో అది ఎప్పుడూ ఉండబట్టి కొంత, మాట కూడా అంతే గరుకు కాబట్టి కొంత. భార్య సైతం కోపం వస్తే, ఆకురాయిగారూ అన్నం చల్లారిపోతోంది అంటుంది.

అతనికొక నియమం ఉంది. పనిలోకి వచ్చిన ఏడాదే ఎవడో తియ్యగా మాట్లాడి, తనది కాని మోటార్ సైకిల్‌కు చెవి చేయించుకుపోయాడు. ఆకురాయి రెండు రోజులు పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వచ్చింది. అప్పటినుంచి, బండి వాళ్ళే స్టార్ట్ చేసి చూపిస్తే గానీ చెవి ఇవ్వడు. సొంత బండి గుట్టు సొంతదారుకే తెలుస్తుందని అతని నమ్మకం.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేసి, పాత కారు తాళంచెవులు పోయాయనీ, నాలుగింటికి మనవరాలిని బడి నుంచి తేవాలనీ, వెంటనే రమ్మనీ చెప్పాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో నల్ల కారు, వయసులో ఆకురాయి కంటే పెద్దది. పళ్ళు కోయని చెవిని దూర్చి మెల్లగా తిప్పి, బయటికి తీసి వెలుతురులో చూస్తే, లోపలి రేకులు ఒత్తిన చోట వెంట్రుకంత గీత కనబడుతుంది. ఆ గీత మీద రెండు రుద్దులు రుద్దడం, మళ్ళీ దూర్చడం. గంటసేపు అదే పని. ఆ గంటా పెద్దాయన పక్కనే నిలబడి, కారు ఏ కొండెక్కిందో, ఏ వానలో నిలిచిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. చివరికి చెవి తిరిగింది. ఎర్రదీపం వెలిగింది.

ఇక మీరే కానివ్వండి అన్నాడు ఆకురాయి.

పెద్దాయన చెవి తిప్పి కాసేపు ఆగాడు. మళ్ళీ తిప్పాడు. ఎదురుగా ఉన్న మీటలన్నీ తడిమి ఒకటి నొక్కితే, పొడి అద్దం మీద వైపర్ కిర్రుమంటూ కదిలింది. ఆ కారుకు స్టార్టర్ మీట కాలి కింద ఉంటుంది. మళ్ళీ దొంగేనా? కానీ షెడ్డు గోడమీది ఫొటోలో అదే ముక్కు, అదే నవ్వు, నల్లటి జుట్టుతో ఇదే బానెట్‌కు ఆనుకుని ఉన్నాడు. అనుమానించినందుకు సిగ్గుపడి, తానే వంగి మీట నొక్కాడు. ఇంజిన్ దగ్గి, లేచింది.

పెద్దాయన పసివాడిలా నవ్వాడు. తర్వాత కిందికి చూసుకుని అడిగాడు.

"ఇప్పుడు ఏ కాలు, బాబూ?"

అప్పుడే పెద్దాయన కూతురు పెరట్లోకి వచ్చింది. ఇంజిన్ చప్పుడు వీధిలోనే విని, స్కూటర్ ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చినట్టుంది.

"నువ్వు చేశావా, అన్నా?" అంది మెల్లగా. "తాళాలు పోలేదు. పోయిన నెల పాపని ఎక్కించుకెళ్ళి రైలు పట్టాల మీద ఆపేసి కూర్చున్నారు. మర్నాడు మనసు తేటగా ఉన్నప్పుడు తాళాలు ఆయనే కాలవలో పారేసొచ్చారు. 'రేపు నేనే బతిమాలినా మళ్ళీ చేయించొద్దమ్మా' అన్నారు."

ఆకురాయి కారు దగ్గరికెళ్ళి, ఒక పన్ను గరుగ్గా ఉందని అబద్ధం చెప్పి చెయ్యి చాపాడు. పెద్దాయన మారుమాట లేకుండా ఇంజిన్ ఆపి, చెవి తీసి అరచేతిలో పెట్టాడు. నాలుగు రుద్దుల్లో పళ్ళన్నీ చదునైపోయాయి.

పెద్దాయన కోప్పడలేదు.

"పని తెలిసినవాడివే. ఎందుకు పాడుచేశావో. పోనీలే, ఊళ్ళో నువ్వొక్కడివేనా?"

పాపని తెచ్చి ఇంట్లో దింపి, పక్కింటావిడకు చెప్పి తాను మళ్ళీ డ్యూటీకి వెళ్ళక తప్పదంది కూతురు. మిగతా తాళాలవాళ్ళకు నేను చెబుతానన్నాడు ఆకురాయి.

ఊళ్ళో ఈ పని చేసేవాళ్ళు ఇంకో ముగ్గురున్నారు. మొదటివాడితో చోటు తగాదా వచ్చి ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. వాడి ముందే సైకిల్ దిగి అంతా చెప్పాడు. రెండోవాడు సరేనని తలూపాడు. బస్టాండు దగ్గర మూడోవాడి బల్ల ఖాళీగా ఉంది.

"ఎవరో పెద్దాయన ఫోన్ చేశాడు, పాత కారట," అన్నాడు పక్కన చెప్పులు కుట్టేవాడు, దారం పంటితో తెంపుతూ. "పెట్టె పట్టుకుని పోయి అరగంటైంది."

ఆకురాయి సైకిల్ పెద్దాయన ఇంటివైపు తిప్పాడు.