కుర్చీ నిద్ర

హాస్టల్ పిల్లలు ఎంతసేపు నిద్రపోతున్నారో కొలవడం నర్సమ్మ పని. పొద్దున్నే, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో, ఒక్కొక్కరి చేతికున్న నిద్ర కొలిచే పట్టీ విప్పి, అది చూపే గంటల అంకె రాసుకుంటుంది. సగటు ఏడు గంటలకు తగ్గితే తెల్లవారుజాము క్లాసు ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. ఆ రోజు కళ్లు చింతనిప్పుల్లా ఉన్న పదో తరగతి పిల్ల పట్టీ ఎనిమిదిన్నర చూపింది. “అంత నిద్రపోయావా తల్లీ?” “రెప్ప వెయ్యలేదమ్మా. కదిలితే వార్డెన్ మేడం మొహం మీద టార్చి కొడతారని కొయ్యలా పడున్నా.”

నర్సమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. “కదలకపోతే నిద్రే అంటోంది సార్ ఈ పట్టీ!” అంటే, “యంత్రం అబద్ధమాడుతుందా?” అని ప్రిన్సిపాల్ నవ్వాడు. సాయంత్రం ఆయన ఇంటికెళ్లాక ఆమె ఆ పట్టీని ఆయన కుర్చీ చేతికి బిగించింది. మర్నాడు పొద్దున ఆయన కళ్లముందే దాన్ని విప్పి, అంకెను కాగితం చిరిగేలా రిజిస్టరులో రాసింది. “మీ కుర్చీ పన్నెండు గంటలు నిద్రపోయింది సార్. తెల్లవారుజాము క్లాసు దానికి పెట్టుకోండి!”