అక్క దిద్దిన రాతలు

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చానో లేదో, సిద్దిపేటలో ఉండే మా ఆడబిడ్డ కూతురు ఫోన్ చేసింది. ఆన్‌లైన్‌లో రాద్దామని తనూ ఒక పేజీ తెరిచిందట, దానికి మంచి పేరు పెట్టిందట, పూల బొమ్మ కూడా పెట్టిందట, ఇక రాయడం ఒక్కటే మిగిలిందట, తీరా కూర్చుంటే భయం వేసి లేచిపోతోందట. ఈ భయం పోవాలంటే రాసే ముందు ఇంటెన్షన్ సెట్ చేసుకోవాలని ఎవరో ఇంటర్నెట్‌లో క్లాసు చెప్పారని, అదేమిటో అంతుపట్టడం లేదని, అత్తమ్మకు ఇవన్నీ తెలిసే ఉంటాయి కదా అని అడిగింది. నాకు నవ్వాగలేదు. ఆ పిల్ల కాస్త నొచ్చుకుంది కూడా. నేను నవ్వింది ఆమెను చూసి కాదు, ఆ మాట వినగానే కళ్ళముందు నిలబడిన నా పాత అవతారాన్ని చూసి.

నేను మెదక్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే దండ వేయించుకుని ఇంటికొచ్చినదాన్ని. ఉద్యోగమంతా రాతకోతలే కాబట్టి, రిటైరైన కొత్తలో పాత స్నేహితురాలొకామె ఆడవాళ్ళు జ్ఞాపకాలు రాసుకునే ఒక గ్రూపులో నన్ను చేర్చినప్పుడు, ఇదెంత పని అనుకున్నాను. ఆ ధీమాతోనే మా ఆయనతో కూడా అన్నాను. అక్కడే దెబ్బతిన్నాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా బస్టాండు దగ్గర చాయ్ హోటల్ నుంచి కూరగాయల మార్కెట్ దాకా, మా ఆమె రైటర్ అయింది అని చాటింపు వేసి వచ్చాడు.

మర్నాడు స్నానం చేసి, కాటన్ చీర కట్టుకుని, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ రాయండి అని ఒక ఖాళీ డబ్బా కనిపించింది. నా వేళ్ళు వాటంతటవే రాసుకుంటూ పోయాయి. తీరా చూస్తే, విషయం: నా బాల్యము, జ్ఞాపకములు తెలియజేయుట గురించి, పై విషయమునకు సంబంధించి తమకు మనవి చేయునది ఏమనగా, అని ఉంది. చెరిపేసి మళ్ళీ మొదలుపెడితే, మా అమ్మ ఒళ్ళో పడుకున్న సంగతి కాస్తా మాతృమూర్తి గారి ఒడి యందు శయనించియుండగా అని తయారైంది. ఇన్నేళ్ళూ ఫైళ్ళలో పొర్లిన చేతికి ఇంకో తెలుగు రాదని అప్పుడు తెలిసొచ్చింది. ఎవరైనా చదివి నవ్వితే ఏం గాను అన్న భయం కూడా అప్పుడే పట్టుకుంది, ఒకసారి పట్టుకున్నాక జ్వరంలా దిగలేదు.

ఇక ఆ రోజు నుంచి నాకు ఇంట్లో ఎక్కడలేని పనులూ కనిపించాయి. వంటింటి డబ్బాలన్నీ దించి తోమాను, బీరువాలో చీరలు రంగుల వారీగా సర్దాను, ఎవరూ అడక్కుండానే పప్పులన్నీ ఎండబెట్టాను. మన ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, చేయబుద్ధి కాని పని తప్పించుకోవడానికి ఆడదానికి ఇంట్లో ఎన్ని దారులుంటాయో. మార్కెట్లో కూరలమ్మే ఆమె మాత్రం వదిలేది కాదు, తూకం వేస్తూ వేస్తూ నలుగురిలో అడిగేది, అమ్మా, మీ కత ఎప్పుడొస్తది అని. చివరికి ఆమె కంట పడకుండా చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి పోయి, వాడిపోయిన బెండకాయలు తెచ్చుకునేదాన్ని.

మా ఆయన దీనికి ముహూర్త బలం లేదని తేల్చి, పంతులుగారిని పిలిపించాడు. ఆయన నా చేతిలో అక్షతలు పోసి, గోత్రనామాలు చెప్పించి, కీర్తి కలగాలని, సభల్లో సత్కారాలు జరగాలని బ్రహ్మాండమైన సంకల్పం చెప్పాడు. కొబ్బరికాయ కూడా చక్కగా పగిలింది. దాంతో నా పని మరీ అన్యాయమైంది. అంతవరకు కూరలామెకే జవాబు చెప్పాల్సి ఉండేది, ఇప్పుడు దేవుడికి కూడా చెప్పాలి. ఆయన కీర్తి పట్టుకుని సిద్ధంగా నిలబడితే, ఇవ్వడానికి ఇక్కడ ఒక్క వాక్యమన్నా లేదు.

అప్పుడు రంజాన్ నెల నడుస్తోంది. మా గోడ పక్కనే ఉండే పెద్దామె, మేమంతా ఖాలా అంటాం, పిన్ని అన్నమాట, సాయంత్రపు వేళ గుమ్మంలో పీట వేసుకుని, ఇఫ్తార్‌కు శనగలు బాగుచేస్తూ కూర్చునేది. వాళ్ళాయన ఉన్నప్పుడు బజారులో దర్జీ దుకాణం ఉండేది, మా పెళ్ళి బట్టలు కుట్టింది ఆయనే. నేను పోయి పక్కన చతికిలబడి, ఖాలా, ఈ రాత గొడవలో పొద్దున్నుంచి ఎంగిలి కూడా పడలేదు అని గోడు వెళ్ళబోసుకున్నాను. ఆమె చేట పక్కన పెట్టి నా మొహం చూసింది.

"నువ్వు పొద్దుగాల సంది తినలే, నేను గూడ తినలే. నాది రోజా ఉపాసం, నీది ఉత్త ఆకలి. ఎందుకో ఎర్కేనా బేటీ? నేను నియ్యత్ చేసిన, ఎవలి కోసమో మనసుల అనుకోని పట్టిన, నువ్వు చెయ్యలే. ఎవలి కోసం రాస్తున్నవో గది ముందుగాల మనసుల అనుకో. చిన్నగున్నా మంచిదే, నీదై ఉండాలె."

మా సంకల్పం సంగతి చెప్పాను. సత్కారాలు, శాలువాల మాట వినగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, రోజాలో ఇట్ల నవ్వించకు అని చేట మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. నేను కూడా కాసిని శనగలు ముందుకు లాక్కున్నాను. ఎవరి కోసం అన్న మాట మాత్రం లోపల తిరుగుతూనే ఉంది, అలా తిరిగి తిరిగి మా అక్క దగ్గర ఆగింది.

మా అక్క హవేలిఘనపూర్ దగ్గరి పల్లెలో ఉండేది. వరి పొలం, రెండు బర్రెలు, చుట్టూ మనుషులు, దేనికీ లోటు లేదు. బావ పోయినప్పటినుంచి మాత్రం ఆమె నవ్వడం మానేసింది. ఫోన్ చేస్తే ఆ తిన్న, ఆ మంచిగనే ఉన్న, ఉంటమరి, అంతే. వాన పడితే కూడా వాడంతా వినబడేట్టు నవ్వే మనిషి అలా మూడు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంటే నాకు భయం వేసేది, ఈ ఖాళీ డబ్బా చూస్తే వేసే భయం దాని ముందు ఏపాటిది. నా అక్క ఒక్కసారి నవ్వాలి. ఖాలా గుమ్మంలోనే మనసులో అనుకున్నాను. అక్షతలు లేవు, గోత్రం లేదు.

మర్నాడు రాయడానికి కూర్చుంటే మనవి చేయునది అన్న మాట రానే లేదు. అక్కకు మనవి ఏం చేస్తాను? చిన్నప్పుడు క్రిస్మస్‌కు మెదక్ చర్చి దగ్గరికి మా అమ్మ మమ్మల్ని తీసుకొచ్చిన సంగతి రాశాను. ఆ రోజు అక్కడికి అన్ని కులాలవాళ్ళూ, మతాలవాళ్ళూ వస్తారు, ఇసుక వేస్తే రాలని జనం. మేము తప్పిపోతామని మా అమ్మ మా ఇద్దరి జడలూ కలిపి ఒకే రిబ్బనుతో ముడేసింది. నేను రంగులరాట్నం వైపు, అక్క మిర్చి బజ్జీల వైపు ఒకేసారి ఉరికాం. ఇద్దరం కలిసి వెల్లకిలా పోయి పేలాలు అమ్మేవాడి రాశి మీద పడ్డాం. వాడు అరిచిన అరుపుకు మా అమ్మ ఆ పేలాలన్నీ కొని కొంగున కట్టుకొచ్చింది. శివరాత్రి దాకా మా ఇంట్లో పొద్దున పేలాలు, మాపు పేలాలు. ఇదీ కథ. పోస్టు చేసి, అక్కకు కూడా పంపి, ఫోన్ బియ్యం డబ్బాలో పడేశాను.

మొదటి లైకు మా ఆయనది. రెండోది కూడా ఆయనదే, పాత ఫోన్ నుంచి. ఒకావిడ అంత మంచి పేలాలు ఇప్పుడెక్కడ దొరుకుతాయని అడిగింది. మధ్యాహ్నం బియ్యం డబ్బా మోగింది. ఎత్తితే మా అక్క, బాగున్నావా అనలేదు, తిన్నావా అనలేదు.

"ఏం చెల్లె, బజ్జీల దిక్కు గుంజింది నేనా? గింత అబద్ధం రాస్తవా? రాట్నం దిక్కు పోయింది నేను. బజ్జీ బజ్జీ అనుకుంట గుంజింది నువ్వు. లోకమంత నన్ను తిండిపోతు అనుకోవాల్నా?"

కాదక్కా, నువ్వే అన్నాను. నువ్వే అంది ఆమె. అలా నువ్వే నువ్వే అనుకుంటూ ఉండగా అవతల ఏదో పొంగినట్టు శబ్దం వచ్చింది. మా అక్క నవ్వుతోంది. చాలాసేపు నవ్వింది, మధ్యలో దగ్గు వచ్చినా ఆగలేదు. నేను బియ్యం డబ్బా పక్కనే కూలబడి ఏడ్చాను, సంతోషంగానే.

అలా మొదలైంది నా రచనా వ్యాసంగం. నేను రాయడం, అక్షరం అక్షరం కూడబలుక్కుని అక్క చదవడం, తప్పులు పట్టి ఫోన్‌లో దులిపేయడం. బర్రె నల్లది కాదు, మచ్చలది. నాయన కొట్టింది నిన్ను, నన్ను కాదు. కొన్నాళ్ళకు నేనే తెలివి మీరి, ప్రతి రాతలోనూ కావాలని ఒక తప్పు పెట్టేదాన్ని, ఫోన్ రావాలని. ఎప్పుడూ రాకుండా ఉండలేదు.

ఇదంతా మా ఆడబిడ్డ కూతురికి చెప్పి, ఎవరి కోసమో అనుకో తల్లీ, చేయి అదే కదులుతుంది అన్నాను. ఇప్పుడు నాకు చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు. పంతులుగారు అడిగిన శాలువాలు కూడా ఆలస్యంగా ఒకటి రెండు వచ్చాయి. భయం ఎప్పుడో పోయింది. అక్క కూడా పోయింది, నిరుటి చలికాలంలో. నేనేం రాసినా అందరూ బాగుంది అంటున్నారు, కాదనేవాళ్ళు లేరు. పోయిన వారం మా చిన్నప్పటి ఇంటి గురించి రాస్తూ, అలవాటు కొద్దీ జామచెట్టు వాకిట్లో ఉండేదని పెట్టాను. ఎన్నో లైకులు వచ్చాయి. ఫోన్ పక్కనే పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాను. ఆ చెట్టు పెరట్లో ఉండేదని తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే.