రాజోలికి వెళ్లిందెవరు

మా పనిలో వార్తకు రాసినవాడి పేరు ఉండేది కాదు. మండల విలేకరి ఏది రాసినా పైన ఊరి పేరు వచ్చేది, అంతే. గద్వాలలో ఇరవై ఏళ్లకు పైగా అలాగే రాశాను. పని మానేశాక, నేను రాసినవన్నీ ఒకచోట, నా పేరు కింద ఉండాలనిపించింది. వెబ్‌సైటు కట్టాలనుకున్నాను.

ఎవరికీ అప్పగించలేదు. ఫోన్లో వీడియోలు చూస్తూ, పాత లాప్‌టాప్‌లో కోడు రాయడం నేర్చుకున్నాను. మొదటి వారం ఎక్కడో ఒక్క గీత మరిచిపోతే పేజీ మొత్తం హెడ్డింగంత లావు అక్షరాలతో వచ్చింది. ట్రంకుపెట్టెలోని కటింగులను మేడ మీద ఎండలో పరిచి, గాలికి ఎగరకుండా మూలల్లో గులకరాళ్లు పెట్టి, ఒక్కోదాన్నీ ఫొటో తీశాను.

మొదటి పేజీలో ఏది ఉండాలో ముందే తెలుసు. తుంగభద్ర పొంగిన ఏడాది రాజోలి నుంచి రాసిన వార్త. నీళ్లు తగ్గాక ఒక నేత కార్మికుడి ఇంటికి వెళ్లాను. మగ్గం గుంట నిండా ఒండ్రుమట్టి. ఇంటావిడ చెంబుతో తోడి బయట పోస్తోంది. సగం నేసిన చీర బురదలో ముద్దయింది. దాన్ని మగ్గం నుంచి కోసి తీసి, ఉతికి, దండెం మీద ఆరేసింది. ఎవరూ కొనరని ఆమెకు తెలుసు. అది చూసి రాసిన నాలుగు వాక్యాల కంటే మంచివి నేను మళ్లీ రాయలేదు.

సైటు కట్టినంత మేరకు వనపర్తిలోని మిత్రుడికి చూపించేవాణ్ని. ఆయన వేరే పత్రిక విలేకరి. ఒకే మోటారుసైకిలు మీద తిరిగినవాళ్లం. ఒకరు వెళ్లలేని రోజు ఇంకొకరు వెళ్లి, వార్తను ఫోన్లో చదివి వినిపించేవాళ్లం. రెండు పత్రికల్లోనూ అదే వచ్చేది. పేరు అచ్చుకాదు కనుక ఎవరికీ పట్టింపు లేదు.

ఆయన ప్రతి పేజీనీ శ్రద్ధగా చదివేవాడు. "ఎట్ల జేసినవ్ భాయ్ ఇదంత? జర ఆ కటింగుల ఫొటోలు నాకు పంపు, పెద్దగ జేసుకొని చూస్త. నా కండ్లకు ఆనుతలేవు" అన్నాడు. పంపాను.

సైటు తెరిచిన ఉదయం లింకును పాత విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. కాసేపటికి నాగర్‌కర్నూలు నుంచి ఒక విలేకరి ఫోన్ చేశాడు.

"అన్నా, మస్తుంది. గని ఆ రాజోలి వార్త వనపర్తి అన్న సైట్ల గూడ ఉందేంది? పది దినాల కిందనే జూసిన."

మిత్రుడికి సైటు ఉందనే నాకు తెలియదు. తెరిచాను. మొదటి పేజీలో రాజోలి వార్త, నా కటింగే. కింద ఒక వాక్యం: 'వరదలో నడిచి వెళ్లి, కళ్లారా చూసి రాశాను.' నేను రాజోలి వెళ్లిన రోజు ఆయన వనపర్తి దాటలేదు.

ఫోన్ చేసి, రాజోలి వార్త సంగతి అడిగాను.

"గదా? నువ్వు చదివితే నేను రాసుకోలే? మా పేపర్ల గూడ వచ్చింది. నా కటింగుకు చెదలు పట్టినయ్, నీది పెట్టిన."

"పెట్టుకో. పోయిన అని ఎందుకు రాసినవ్?"

"లింగాలకు నువ్వు పోయినవా మరి? నీ సైట్ల మూడో వార్త. ఆ దినం నువ్వు మీ బామ్మర్ది పెండ్లిల లడ్లు తినుకుంట ఉంటివి. ఎండల పోయింది నేను. అడిగిన్నా నిన్ను?"

నిజమే. ఎండిన బోరు పక్కన నిలబడి రైతుతో మాట్లాడినట్టే నాకు గుర్తు. అన్నిసార్లు చదువుకుని, వెళ్లానని నమ్మేశాను.

"చూసినప్పుడే చెప్పకపోతివేంది?"

"చెప్తే తీస్తుంటివి గద" అని నవ్వాడు.

ఫోన్ పెట్టేశాను. అంత శ్రద్ధగా చదివింది ఇందుకన్నమాట. నా తప్పు దొరికాక, ఒక్క మాటా అనకుండా అవసరానికి దాచుకున్నాడు.

లింగాల వార్తను ఆ మధ్యాహ్నమే తీసేసి, నువ్వూ ఆ వాక్యం తీసెయ్యమని మెసేజ్ పెట్టాను. 'చూద్దాం తియ్' అని జవాబు వచ్చింది.

నెలలు గడిచాయి. తీయలేదు. అప్పుడప్పుడు తెరిచి చూస్తాను. కటింగు మూలన మా మేడ మీది గులకరాయి, పక్కన ఫోను పట్టుకున్న నా వేళ్ల నీడ.