పన్నెండు పేజీల జ్వరం

నవల రాసినవాడు ఒక తప్పు చేస్తాడు. దాన్ని సొంతంగా అచ్చు వేయించుకున్నవాడు రెండో తప్పు చేస్తాడు. నేను ఆ రెండూ చేసి, అప్పటికీ తృప్తి పడక, ఆ పుస్తకాన్ని పైఅధికారిగారి ఇంట్లో పెళ్లికి తీసుకెళ్లి తాంబూలాలతో పంచిపెట్టాను. నిండు పందిట్లో పెళ్లికూతురిని ఎలా చంపానో, చంపి ఎలా బతికించానో, చివరికి నాకు దక్కిందేమిటో ఉన్నదున్నట్టు చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. వద్దనే మొహం నాకు లేదు.

అప్పటికి ఒరిస్సా రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. కొరాపుట్, రాయగడ, గుణుపురం అన్నీ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. నేను కొరాపుట్‌లో సంస్థానం కచేరీలో గుమాస్తాని. ఇరవై ఆరేళ్లవాణ్ణి. పగలల్లా శిస్తు కాగితాలు రాసి, సాయంత్రం అదే కలంతో నవల రాసేవాణ్ణి. శిస్తు కాగితాలే బాగుండేవని మా కచేరీవాళ్లు ఇప్పటికీ అంటారు.

నా భార్య సత్యవతి కాపురానికి వచ్చిన ఏడాదిలోనే మూడుసార్లు కొండజ్వరంతో పడింది. మూడోసారి ఆమె మంచం పట్టినప్పుడు నేను నా కథానాయికని కూడా మంచం పట్టించాను. ఎదురుగా జ్వరం ఉండగా ఊహించి రాసుకోవడం ఎందుకు చెప్పండి? సత్యవతి మూలిగినప్పుడల్లా ఒక వాక్యం రాశాను. నా కథానాయిక పన్నెండు పేజీల పాటు ధారాళంగా మాట్లాడి, ఊళ్లో అందరినీ పేరుపేరునా క్షమించి, అప్పుడు ప్రాణం విడిచింది. రాస్తూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. పక్కనుంచి సత్యవతి ఏదో అడిగినట్టుంది గాని, నా ఏడుపులో నాకు వినిపించలేదు.

జ్వరం దిగగానే ఆమె గుణుపురంలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్తూ ఒకటే మాట చెప్పింది.

"మీరు గుణుపురానికి బదిలీ చేయించుకోండి, ఆ రోజే కాపురానికొస్తాను. ఈ ఘాటీ కొండదారి మట్టుకు మళ్లీ ఎక్కను."

ఆ మాటతో నాకు రెండు పనులు పడ్డాయి. ఒకటి బదిలీ, రెండు నవల. నవలని ఇద్దరు ప్రకాశకులకి పంపాను. ఒకాయన వెంటనే తిప్పి పంపాడు. రెండో ఆయన తిప్పి పంపడం కూడా దండగనుకున్నాడు. నాలుగు ఉత్తరాలు రాసి నేనే తెప్పించుకున్నాను. సరే, నా పుస్తకం నేనే వేసుకుంటానని పంతం పట్టాను. ఇంతలో గుణుపురంలో ఒక గుమాస్తా పని ఖాళీ అయింది. దానికి మనిషిని వేసేది రాయగడలో ఉన్న అమీనుగారు, అంటే సంస్థానం తరఫున ఆ ప్రాంతమంతా చూసే అధికారి.

ఈ రెండు పనులకీ ముడిపెట్టినవాడు మా కచేరీలో పెద్ద గుమాస్తా జగన్నాయకులు.

"అంకితం ఇచ్చీ బాబూ!" అన్నాడు.

"ఎవరికండీ?"

"ఎవరికేటి, అమీనుగారికి! మాఘమాసంలో ఆయనగారి అమ్మాయి పెళ్లి. పెళ్లిళ్లలో పంతుళ్లు నాలుగు పద్యాలు అచ్చేయించి తాంబూలంతో పంచరా ఏటి? నువ్వు ఏకంగా నవలే పంచీ. ఆయన మురిసి ముక్కలైపోతారు. గుణుపురం నీ జేబులో ఉన్నట్టే."

"పెళ్లికూతురి పేరేమిటండీ?"

"వైదేహి."

"నా కథానాయిక మందాకిని కదండీ."

"అయితే ఏటి? మార్చీ! కలం నీది, పిల్ల నీది, అడిగీవోడెవడు?"

నిజమే కదా అని మూడు రోజులు కూర్చుని మందాకినిని కొట్టేసి వైదేహిని చేశాను. విజయనగరంలో ఒక అచ్చుకూటానికి రాతప్రతి పంపాను. పది రోజుల తరువాత మధ్యాహ్నం భోజనానికి కూర్చుని పప్పు కలుపుకుంటూంటే తట్టింది. ఓరి నాయనో! వైదేహి చచ్చిపోతుంది కదూ!

చెయ్యి కడుక్కోకుండానే జగన్నాయకులింటికి పరుగెత్తాను.

"ఇంకా నయం, ఇప్పటికైనా గుర్తొచ్చింది," అన్నాడు ఆయన. "కూకుని ఆ పిల్లని బతికించు."

బతికించాను. జ్వరం తగ్గించి, పథ్యం పెట్టించి, ఎనిమిది పేజీల్లో మేళతాళాలతో పెళ్లి చేశాను. అచ్చుకూటానికి ఉత్తరం రాశాను: 'ఈ కాగితములు చివర చేర్చవలెను. వైదేహి మరణించు ఘట్టమును పూర్తిగా తీసివేయవలెను.' రాసి, రెండో వాక్యం ఇంకోసారి చదివాను. నా పన్నెండు పేజీలు! నేను ఏడ్చి రాసిన పేజీలు! పోనీ, ప్రూఫు వచ్చినప్పుడు చూసి తీసేద్దాంలే అని ఆ వాక్యం కొట్టేశాను. తరువాత ఉత్తరం అడుగున, 'వ్యవధి లేదు గనుక ప్రూఫులు పంపనక్కరలేదు' అని రాసి సంతకం పెట్టాను.

ఒకే ఉత్తరం, ఒకే చెయ్యి. మీరు కావాలంటే మళ్లీ ఒకసారి చదువుకోండి. నేను అప్పుడు చదువుకోలేదు. పైగా నెల తిరిగేసరికి 'తీసివేయవలెను' అని రాసినట్టు బాగా గుర్తుంది గాని, కొట్టేసినట్టు బొత్తిగా గుర్తు లేకుండా పోయింది.

రాయగడకి రైలు కొత్తగా వచ్చిన రోజులవి. పుస్తకాల కట్టలు పెళ్లినాడే దిగాయి. అమీనుగారి మనుషులు స్టేషను నుంచి తిన్నగా పందిట్లోకి మోసుకుపోయారు. నేను ఒక ప్రతి తీసి నా పేరున్న పుట చూసుకున్నాను. అంకితం పుట చూసుకున్నాను. మళ్లీ నా పేరు చూసుకున్నాను. కన్న పుస్తకాన్ని అంతకంటే లోపలికి చూసే ఓపిక ఏ రచయితకుంటుంది?

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆడవాళ్లు చాపల మీద ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ బంగారమ్మగారు పార్వతీపురం వైపు మనిషి. ఆ పెళ్లివారిలో ఆవిడ మాట దాటినవాడు లేడు. తాంబూలంతో అందిన పుస్తకాన్ని ఆవిడ చేత్తో తడిమి అడిగింది.

"ఇదేటి బాబూ, మా మనవడి పెళ్లాం పేరెట్టి రాసేవట? సదివించు, ఇందాం."

మిషను బడి పంతులమ్మ రూతమ్మగారు పెళ్లికూతురికి చదువు చెప్పినావిడ. మంచి గొంతు, స్పష్టమైన ఉచ్చారణ. పుస్తకం ఆవిడ చేతికిచ్చారు. అమీనుగారు నావైపు తిరిగి, "ఎక్కడ బాగుంటుందో చెప్పవయ్యా," అన్నారు. ఆ గొంతులో ఆప్యాయత వింటే గుణుపురంలో ఇల్లు కూడా ఆయనే చూసిపెడతారనిపించింది.

"చివరి ఇరవై పేజీలండీ. జ్వరం తగ్గి పెళ్లయ్యే ఘట్టం," అన్నాను.

రూతమ్మగారు వెనకనుంచి ఇరవై పేజీలు లెక్కపెట్టి మొదలుపెట్టారు. "'వైదేహి శరీరము నిప్పువలె కాలిపోవుచుండెను...'"

"అయ్యో, జొరమా?" అంది బంగారమ్మగారు.

"ఏం ఫరవాలేదండీ, తగ్గిపోతుంది," అన్నాను ధీమాగా. తగ్గాలంటే ముందు జ్వరం ఉండాలి కదా!

మూడో పేజీలో వైదేహి మేనమామని క్షమించింది. అయిదో పేజీలో పక్కింటావిడని క్షమించింది. ఈ క్షమించడాలన్నీ తీసెయ్యమన్నానే!

"ఇంకా తగ్గలేదేటి బాబూ?"

"తగ్గుతుందండీ."

తొమ్మిదో పేజీలో, "'అమ్మా, వెలుతురు తగ్గుచున్నది...'"

"వెలుతురు తగ్గుతోంది గానీ జొరం తగ్గదేటి?" అంది బంగారమ్మగారు.

పన్నెండో పేజీ అడుగున వైదేహి ప్రాణం పోయింది. వంటవాళ్లు గాడిపొయ్యి వదిలేసి గరిటెలతో వచ్చి నిలబడ్డారు. రూతమ్మగారు మొదలుపెట్టిన పని మధ్యలో వదిలే మనిషి కాదు. దాని కిందే ఉన్న రెండు వాక్యాల దహనం కూడా నిదానంగా చదివి, "ఇంకా ఉందండీ," అని పేజీ తిప్పారు.

"'మరునాటి ఉదయమునకు వైదేహికి జ్వరము పూర్తిగా తగ్గెను. ఆమె లేచి రెండు ఇడ్డెనలు తినెను.'"

"ఎవులు తిన్నారు?" అంది బంగారమ్మగారు.

"వైదేహండీ," అన్నాను.

"నిన్న కాల్సేసిన పిల్లేనా?"

"ఆ... అవునండీ."

"కాల్సేసినాక ఇడ్డెనలెలాగ తింది?"

"మధ్యలో... వాన పడిందండీ," అన్నాను.

ఎనిమిది నెలలు నవల రాసిన బుర్రకి ఆ క్షణాన అంతకంటే తోచలేదు. బంగారమ్మగారు లేచి నిలబడింది.

"పెళ్లిపందిట్లో పేరెట్టి మరీ సంపేడు! ఇస్సీ! ఈ అపశకునం మొయ్యడం నా వల్ల కాదు. ఈ పిల్లని నాను బండెక్కించను!"

పెళ్లికూతురి తల్లి గొల్లుమంది. అమీనుగారి మొహం ఎర్రబడి, నల్లబడి, చివరికి నావైపు తిరిగింది. భూమి బద్దలైతే దూకేద్దామని చూశాను. పందిరి కింద కొత్తగా అలికిన నేల, ఎక్కడా బీట కూడా లేదు. అప్పుడు గది గుమ్మంలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"మామ్మగారూ, నేను చచ్చిపోలేదండీ. ఇక్కడే ఉన్నాను. ఆకలేస్తోంది."

పెళ్లికూతురు! నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుని ఊగిపోతోంది. ఆమెని చూసి పెళ్లికొడుకు నవ్వాడు, అతన్ని చూసి రూతమ్మగారు నవ్వారు, చివరికి బంగారమ్మగారికి కూడా పెదవి వంకర తిరిగింది.

"ఆకలేస్తే మంచిదే. పిల్లకి ముందు వడ్డించండర్రా," అంది ఆవిడ. "దిష్టి తియ్యండి. ఇదిగో రాసినబ్బాయ్! ఆ జొరం పేజీలున్నాయే, అన్ని పుస్తకాల్లోంచీ సింపీ. నీ సేత్తోనే సింపి పొయ్యిలో పడీ."

చింపాను. పెళ్లివారంతా తలో పుస్తకం పట్టుకుని సాయం పట్టారు. ఒక్క కలం పోటుతో తియ్యలేకపోయిన పన్నెండు పేజీలని, పందిరంతా పరపరా చింపుతూంటే నిలబడి చూశాను. గాడిపొయ్యి మీద పాయసం చక్కగా ఉడికింది. బంగారమ్మగారు మిగిలిన పుస్తకం ఊపి, "ఇప్పుడు తేలిగ్గా బాగుంది," అంది. ఆ నవలకి వచ్చిన ఏకైక అభిప్రాయం అదే.

మర్నాడు అమీనుగారు పిలిపించారు.

"జ్వరం బాగా రాసేవయ్యా," అన్నారు.

"తమ దయ."

"జ్వరం సంగతి ఇంత తెలిసినోడివి, గుణుపురంలో ఏం చేస్తావు? లమ్తపుట్‌లో గుమాస్తాలు నిలవడం లేదు. అక్కడికెళ్లు."

లమ్తపుట్ కొరాపుట్ కంటే లోపలి కొండల్లో ఉంది. అక్కడి జ్వరంతో పోలిస్తే మా కొరాపుట్ జ్వరం జలుబు కింద లెక్క. ఆ కాగితం పట్టుకుని గుణుపురం వెళ్లి సత్యవతికి జరిగినదంతా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆ పేజీలు మిగిలేయా?" అంది.

సంచీ అడుగున చింపకుండా దాచిన ప్రతి ఒకటుంది. సిగ్గుపడుతూ తీసి ఇచ్చాను. ఆమె గుమ్మంలో కూర్చుని పన్నెండు పేజీలూ చదివింది.

"ఈ పిల్లకి జ్వరం లేదండీ," అంది.

"అదేమిటి?"

"జ్వరమొస్తే ఇన్ని మాటలు రావు. నాకొచ్చినప్పుడు మంచినీళ్లన్న ఒక్క మాట అనడానికి చాలాసేపు పట్టింది. అన్నాను కూడా. మీరు రాసుకుంటున్నారు."

అంత పెద్ద పందిట్లో రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఈసారి పుస్తకం కోసం కాదు. సత్యవతి లోపలికెళ్లి, తన ట్రంకు పెట్టె ఈడ్చుకొచ్చి గుమ్మంలో పెట్టింది.

"ఘాటీ ఎక్కనన్నావుగా?" అన్నాను.

"మిమ్మల్ని ఒక్కరినీ ఆ కొండల్లో వదిలేస్తే ఇంకో నవల రాసీగలరు. వస్తాను, పదండి."

కనుక నా పుస్తకాలు చదివే మహనీయులారా, లమ్తపుట్‌లో మొదటి రోజు పొద్దున్నే జ్వరం రాకుండా క్వినైను మింగి, దాని చేదు నాలుక మీద ఉండగానే చేసిన ప్రమాణం మీ ముందు మళ్లీ చేస్తున్నాను. ఇకమీదట నా కథల్లో ఎవరినీ చంపను. ఎవరి పెళ్లికీ పుస్తకం తీసుకెళ్లను, తాంబూలం తీసుకుని వచ్చేస్తాను. ప్రూఫు చూడకుండా కిరాణా చీటీ కూడా అచ్చుకివ్వను. ఇంట్లో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే ముందు కలం కింద పెట్టి మంచినీళ్లు ఇస్తాను. వాక్యం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.